వాట్సాప్ గ్రూపులో ఆరుగురం, పనిలో ఇద్దరం: ఏం చేయాలి?

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెబుతాను. మీరు డిగ్రీ రెండో సంవత్సరం. సామాజిక మాధ్యమాలు, ఆన్‌లైన్‌లో బృందంగా పనిచేయడం అనే పాఠంలో భాగంగా ఆరుగురు కలిసి మీ మండలంలోని గొలుసుకట్టు చెరువుల మీద, అంటే ఒకటి నిండి పొర్లితే దాని కిందది నిండేలా వరుసగా ఉన్న చెరువుల మీద, నివేదిక రాయాలి. వాట్సాప్ గ్రూపు పెట్టి నెల దాటింది. ఇద్దరు పనిచేస్తున్నారు. మిగతా నలుగురు ఏం చెప్పినా బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటున్నారు. ఇంతకంటే మంచి యాప్ ఏదైనా ఉందా, లేక వెళ్లి సార్‌కి చెప్పేయాలా అని అడిగారు.

యాప్ మార్చినంత మాత్రాన ఏమీ మారదు. సార్‌కి ఇప్పుడే చెప్పకండి. చేయవలసింది ఒకటే: మాట్లాడుకునే చోటును, పనిచేసే చోటును వేరు చేయండి. పనిచేసే చోట ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో ఆరుగురికీ కనబడాలి. మీ వాట్సాప్ గ్రూపు రచ్చబండ లాంటిది. రచ్చబండ మీద కూర్చుని ఎవరూ నాట్లు వేయలేదు. దానికి పొలం వేరే ఉండాలి. మీకు ఇంకా పొలం లేదు, అంతే.

నేను పదహారేళ్లుగా డిగ్రీ కళాశాలలో కంప్యూటర్లు చెబుతున్నాను. బృందాల పనులు ఏటా ఏడెనిమిది చూస్తాను. సగానికి పైగా మీలాగే మొదలవుతాయి, కాబట్టి మీ బృందం ప్రత్యేకంగా చెడ్డదేమీ కాదు. మొదటి మూడు నాలుగేళ్లు నేనూ విద్యార్థులతో పాటే తప్పులు చేశాను. ఒక బృందం నివేదిక ఇవ్వాల్సిన ముందురోజు రాత్రి ఫోను చేసింది. మెయిళ్లలో, పెన్‌డ్రైవుల్లో కలిపి పదకొండు ఫైళ్లు ఉన్నాయట. ఒకదాని పేరు ఫైనల్, ఇంకొకదాని పేరు ఫైనల్ రెండు, మరొకటి అసలు ఫైనల్. ఏది అసలో ఆ అసలు ఫైనల్ చేసినవాడికే తెలియదు. మూడో అధ్యాయం రెండు ఫైళ్లలో రెండు రకాలుగా ఉంది, నాలుగోది ఎందులోనూ లేదు. ఆ రాత్రి మేమందరం ఒకరినొకరు తిట్టుకున్నాం. నేను కూడా తిట్టాను, అది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు.

బొటనవేలు ఎందుకు పెడతారు

మీ నలుగురు మిత్రుల మీద కోపం తెచ్చుకునే ముందు ఒక పాత ప్రయోగం సంగతి వినండి. ఫ్రాన్సులో మాక్స్ రింగెల్మాన్ అనే వ్యవసాయ ఇంజినీరు మనుషుల చేత తాడు లాగించి, ఎంత బలం పడుతోందో కొలిచాడు. 1913లో అచ్చయిన ఆయన లెక్కల ప్రకారం, ఒంటరిగా లాగేటప్పుడు మనిషి పెట్టే బలం నూరు అనుకుంటే, ఇద్దరు కలిసి లాగినప్పుడు తలా 93, ముగ్గురైతే తలా 85, ఎనిమిది మంది అయితే తలా 49. ఎనిమిది మంది పట్టుకున్న తాడు మీద నలుగురి బలమే పడిందన్నమాట.

అందరూ ఒకేసారి లాగలేకపోవడం వల్ల అలా అయిందేమో అని అనుమానం రావచ్చు. 1974లో అమెరికాలో కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దాన్నే పరీక్షించారు. లాగే మనిషికి కళ్లకు గంతలు కట్టి, వెనుక ఇంకా మనుషులు లాగుతున్నారని నమ్మించారు. నిజానికి వెనుక ఎవరూ లాగడం లేదు. అయినా అతని బలం తగ్గింది. వెనుక మనుషులున్నారన్న నమ్మకమే చేతులను సడలించింది. తరువాత బిబ్ లటానే, ఆయన సహచరులు చప్పట్లతో, కేకలతో ఇలాంటి ప్రయోగాలే చేశారు. 1981లో వాళ్లు తేల్చింది మీకు పనికొచ్చే విషయం: గుంపులో ఉన్నా సరే ఎవరి కేక ఎంత గట్టిగా ఉందో విడివిడిగా తెలుస్తుందని చెబితే, మనుషులు ఒంటరిగా ఉన్నప్పుడు ఎంత గట్టిగా అరిచారో గుంపులోనూ అంతే అరిచారు.

ఈ సంగతి మన పెద్దవాళ్లకు ప్రయోగశాల లేకుండానే తెలుసు. రాజుగారు రాత్రివేళ ఊరంతా తలా ఒక చెంబు పాలు పోయమంటే, తెల్లవారేసరికి అన్నీ నీళ్లే ఉన్నాయన్న కథ మీరు చిన్నప్పుడు వినే ఉంటారు. ఆ కథ చెప్పేవాళ్లు ఊరివాళ్ల స్వార్థం గురించి చెబుతారు. నాకు మాత్రం అందులో తప్పంతా రాత్రిదే అనిపిస్తుంది. పట్టపగలు, వరుసలో నిలబెట్టి పోయించి ఉంటే పాలే వచ్చేవి.

వాట్సాప్ గ్రూపు అలాంటి చీకటి. అందులో అందరూ కనిపిస్తారు కానీ ఎవరి పనీ కనిపించదు. సందేశాలు కిందికి జారిపోతాయి. మంగళవారం ఎవరో తూముల (చెరువు నీళ్లు పొలాలకు వదిలే దారుల) ఫొటోలు పంపిస్తే, గురువారానికి అవి పుట్టినరోజు శుభాకాంక్షల కింద పూడిపోతాయి. ఎక్కువ మాట్లాడినవాడు ఎక్కువ పనిచేసినట్టు కనబడతాడు. ఇది నేను ఊహించి చెప్పడం లేదు, ఒకసారి కళ్లారా చూశాను.

వికీసోర్స్‌లో నేను నేర్చుకున్నది

2017లో ఎనిమిది మంది విద్యార్థులకు తెలుగు వికీసోర్స్‌లో ఒక పాత పుస్తకాన్ని అచ్చుదిద్దే పని ఇచ్చాను. సుమారు 180 పేజీలు. మీకు వికీపీడియా తెలుసు కదా, వికీసోర్స్ దాని సోదర ప్రాజెక్టు. కాపీహక్కులు తీరిపోయిన పుస్తకాలను అక్కడ అక్షరాల రూపంలోకి మారుస్తారు. తెర మీద ఒకవైపు స్కాన్ చేసిన పేజీ బొమ్మ, రెండోవైపు కంప్యూటర్ ఆ బొమ్మను చదివి రాసిన తప్పుల తడక పాఠ్యం ఉంటాయి. మనం పోల్చి చూసి సరిదిద్దాలి.

అక్కడి ఏర్పాటు చూస్తే నాకు ముచ్చట వేసింది. ప్రతి పేజీకీ ఒక రంగు ఉంటుంది. ఇంకా దిద్దని పేజీ ఎరుపు. ఒకరు దిద్దితే పసుపు. ఇంకొకరు దాన్ని మళ్లీ సరిచూస్తే ఆకుపచ్చ. పసుపు చేసినవాళ్లే తమ పేజీని ఆకుపచ్చ చేసుకోలేరు, ఆ మీట వాళ్లకు కనిపించదు. పుస్తకం సూచిక పేజీ తెరిస్తే 180 గడుల్లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కలిపి ఒక్క చూపులో పని ఎక్కడిదాకా వచ్చిందో తెలిసిపోతుంది. 'ఎంతవరకు వచ్చింది' అని ఎవరూ ఎవరినీ అడగనవసరం లేదు.

ఆ బృందానికీ వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఒక అబ్బాయి నాయకుడు. రోజూ ఉదయం సూక్తి, సాయంత్రం హెచ్చరిక పంపేవాడు. ఒక అమ్మాయి మాత్రం నెలన్నరలో గ్రూపులో మూడు మాటలు కూడా రాయలేదు. ఆమెకు ఆసక్తి లేదని నాతో ఇద్దరు ఫిర్యాదు చేశారు. చివరికి పేజీల చరిత్ర, అంటే ఎవరు ఎప్పుడు ఏం మార్చారన్న జాబితా, తెరిచి చూస్తే ఆమె పేరు మీద 74 పేజీలు ఉన్నాయి. నాయకుడి పేరు మీద 11. అతను చెడ్డవాడు కాదు, సూక్తులు పంపడమే పని అని నిజంగానే నమ్మాడు. చరిత్ర చూపించాక సిగ్గుపడి, మిగిలిన వారంలో 20 పేజీలు దిద్దాడు.

వికీల పద్ధతి ఇదే. 1995లో వార్డ్ కనింగ్‌హామ్ అనే ప్రోగ్రామర్ మొదటి వికీని, అంటే చదివేవాళ్లే రాసి మార్చగలిగే వెబ్‌సైటును, పెట్టినప్పుడు హొనొలులు విమానాశ్రయంలో తిరిగే 'వికీ వికీ' బస్సు పేరు దానికి పెట్టాడు. హవాయి భాషలో ఆ మాటకు త్వరత్వరగా అని అర్థం. అందరూ ఆ వేగాన్నే చెబుతారు కానీ, తరువాత వచ్చిన వికీపీడియాలో నాకు నచ్చేది నెమ్మదిగా పనికొచ్చే భాగం: ప్రతి మార్పు వెనుకా ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎందుకు చేశారు అన్నది నిలిచి ఉంటుంది. వ్యాసం ఒకచోట, దాని గురించిన వాదన చర్చా పేజీలో. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో అందరూ కలిసి ఊసులాడుకునే పేజీకి పెట్టిన పేరు రచ్చబండే. వాళ్లు రచ్చబండను తీసేయలేదు. పొలానికి దూరంగా పెట్టారు.

మీ చెరువులను ఇలా పంచుకోండి

చాలా బృందాలు పనిని చేసే పద్ధతిని బట్టి పంచుకుంటాయి. ఒకరు ఊళ్లు తిరుగుతారు, ఒకరు టైపు చేస్తారు, ఒకరు స్లయిడ్లు చేస్తారు. ఇలా పంచుకుంటే టైపు చేసేవారు నెల రోజులు చేతులు ముడుచుకుని కూర్చుంటారు, ఆఖరి వారంలో వాళ్ల మీద కొండ వచ్చి పడుతుంది. మీ నలుగురూ బొటనవేళ్లు పెట్టడానికి ఇదే కారణం కావచ్చు. వాళ్ల వంతు ఇంకా రాలేదని అనుకుంటున్నారేమో, ఒకసారి అడిగి చూడండి.

మనిషికో చెరువు ఇచ్చుకోండి. ఒక చెరువు మొత్తం ఒకరిదే: కట్ట పొడవు, తూములు ఎన్ని, అలుగు (నిండిన చెరువు పొర్లే చోటు) ఎటు పారుతుంది, ఆయకట్టు (చెరువు కింద సాగయ్యే భూమి) ఎంత, నీళ్లు వదిలే నీరటి ఇప్పటికీ ఉన్నాడా లేడా, శిఖంలో (చెరువు నీళ్లు నిలిచే నేలలో) సాగు జరుగుతోందా, చేపల హక్కు ఎవరిది. ఫొటోలు, ఊరి పెద్దలతో మాటలు, రాత అన్నీ వాళ్లవే. ఆ పేజీ పైన వాళ్ల పేరు, ఒక తేదీ.

మీకు అదృష్టం ఏమిటంటే మీవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. కాబట్టి నేను మీ స్థానంలో ఉంటే ఇలా చేస్తాను: పై చెరువు పేజీని కింది చెరువు మనిషి సరిచూడాలి. మొదటి చెరువు రాసినవారు 'అలుగు నీళ్లు తూర్పు వాగులోకి పోతాయి' అని రాస్తే, రెండో చెరువు రాసేవారు తమ చెరువు దగ్గర నిలబడి ఆ వాగు నిజంగా అక్కడికి వస్తోందో లేదో చూడగలరు. రాకపోతే ఎవరో ఒకరు తప్పు రాశారు, లేదా మధ్యలో వాగును ఎవరో పూడ్చేశారు. రెండోదే నిజమైతే మీ నివేదికలో అందరికంటే విలువైన పేరా అదే అవుతుంది. వికీసోర్స్ రంగుల పద్ధతిని ఇక్కడ వాడుకోండి. పేజీ శీర్షిక పక్కన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చుక్క పెట్టండి. ఎవరూ తమ పేజీని తామే ఆకుపచ్చ చేయకూడదు.

దీనివల్ల ఇంకొక లాభం కూడా ఉంది. ఆరుగురిలో ప్రతి ఒక్కరూ మిగతా ప్రతి ఒక్కరితో మాట్లాడుకోవాలంటే 15 జతలు అవుతాయి. గ్రూపులో గోల అంతా అక్కడి నుంచే వస్తుంది. పని ఒకరి నుంచి ఒకరికి చెరువుల వరుసలోనే పోతే మీకు ఐదు అప్పగింతలు చాలు.

ఎక్కడ రాయాలి అంటే, గూగుల్ డాక్స్ చాలు. అది ఉచితం, మీకు ఇప్పటికే మెయిల్ ఉంది. పెద్ద పెద్ద యాప్‌ల జోలికి పోకండి. కొత్త యాప్ నేర్చుకోవడం కూడా పని తప్పించుకునే మార్గమే, నేను చాలాసార్లు చూశాను. రెండు జాగ్రత్తలు మాత్రం పాటించండి. లింకు ఉన్న ఎవరైనా మార్చవచ్చు అనే వెసులుబాటు ఇవ్వకండి. మెయిల్‌తో లోపలికి రాకుండా లింకు పట్టుకుని వచ్చినవాళ్లు అక్కడ ఏదో జంతువు పేరుతో అనామకులుగా కనబడతారు, ఎవరు ఏం రాశారన్నది పోతుంది. ఆరుగురి మెయిళ్లూ విడివిడిగా చేర్చి మార్చే హక్కు ఇవ్వండి. ఇక కంప్యూటర్‌లో ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ ఉంటుంది, దాన్ని అందరికీ ఒక్కసారి తెరిచి చూపించండి. భయపెట్టడానికి కాదు. 'ఏదైనా పాడైతే నిన్నటి పాఠ్యం వెనక్కు తెచ్చుకోవచ్చు' అని చెప్పండి. కొత్తగా రాసేవాళ్లకు చెడగొడతామేమో అన్న జంకు ఎక్కువ.

పక్కవాళ్ల పేజీలో తప్పు కనిపిస్తే నేరుగా కొట్టేయకండి. డాక్స్‌లో సూచన రూపంలో రాసే పద్ధతి ఉంది, వ్యాఖ్య పెట్టే పద్ధతి ఉంది. వాటిని వాడండి. రాసినవారు ఒప్పుకున్నాక అది పాఠ్యంలో కలుస్తుంది.

తెలుగులో రాసేవాళ్లకు ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. ఒకరు ఫోనులో మామూలు తెలుగు కీబోర్డుతో రాస్తారు. ఇంకొకరు బజారులో డీటీపీ చేసే వారి దగ్గర అను ఫాంట్లలో టైపు చేయించి తెస్తారు. అది డాక్స్‌లో అతికిస్తే పిచ్చి గీతలు, ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. మొదటి రోజే చెప్పండి, అందరూ యూనికోడ్‌లోనే, అంటే ఫోను కీబోర్డు రాసే తెలుగులోనే, రాయాలని. టైపు రానివాళ్లు ఫోనులో మాట్లాడితే అక్షరాలుగా మారే సౌకర్యం వాడుకుని, తరువాత దిద్దుకోవచ్చు. మా బృందాల్లో ఒకసారి అది 'తూము' అన్నప్పుడల్లా 'దోమ' అని రాసింది. ఎవరూ దిద్దలేదు, చెరువుకు మూడు దోమలు ఉన్నాయని నివేదికలో వచ్చింది. అబద్ధమైతే కాదు.

వాట్సాప్ గ్రూపును మూసేయకండి. కలిసే సమయం తేల్చుకోవడానికి అందులో పోల్ పెట్టవచ్చు, బస్సు తప్పిపోయిందని చెప్పుకోవచ్చు. ఒక్క నియమం చాలు: గ్రూపులో తీసుకున్న ఏ నిర్ణయమైనా అదే రోజు డాక్యుమెంటు మొదటి పేజీలో ఒక్క వాక్యంగా ఎక్కాలి. ఎక్కకపోతే ఆ నిర్ణయం జరగనట్టే.

చరిత్ర అబద్ధం చెప్పదు, కానీ అన్నీ చెప్పదు

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. వికీసోర్స్ అనుభవం తరువాత ఉత్సాహం పట్టలేక, మరుసటి ఏడాది దిద్దుబాట్ల సంఖ్యను బట్టి మార్కులు వేస్తానని ప్రకటించాను. విద్యార్థులు తెలివైనవాళ్లు. ఒకడు ఒక పేజీలో చుక్క పెట్టి భద్రపరిచాడు, చుక్క తీసి భద్రపరిచాడు, మళ్లీ పెట్టాడు. నలభై దిద్దుబాట్లు. వికీలో ఒక పాత వాడుకరి ఎంతో మర్యాదగా 'ఏమైనా సాయం కావాలా' అని వాడి చర్చా పేజీలో రాశారు. ఆ ప్రశ్న చదివి నేను తలదించుకున్నాను. ఎవరు చేశారో చరిత్ర చెబుతుంది, ఎంత బాగా చేశారో చెప్పదు. దాన్ని చదవాలి, లెక్కపెట్టకూడదు.

ఇంకొకటి, మౌనంగా ఉన్నవాళ్లందరూ బద్ధకస్తులు కారు. ఒక బృందంలో ఒక అబ్బాయి నెల రోజులు ఏమీ చేయలేదు. గ్రూపులో అందరూ కలిసి అతన్ని ఎత్తిపొడిచారు, అతను ఇంకా ముడుచుకుపోయాడు. నేను విడిగా పిలిచి అడిగితే తేలింది: సాయంత్రం నుంచి రాత్రి పది దాకా ఒక కిరాణా దుకాణంలో పని, చేతిలో ఉన్నది అన్న పాత ఫోను, అందులో డాక్యుమెంటు తెరవడానికే చోటు లేదు. ఇవన్నీ పదిమంది ఉన్న గ్రూపులో ఎవరు చెప్పుకుంటారు? అతనికి ఆదివారం ఊరి పెద్దల మాటలు రికార్డు చేసే పని ఇచ్చాం. ఆ అబ్బాయి తెచ్చిన ఒక ముసలాయన మాటలే ఆ నివేదికకు ప్రాణం. కాబట్టి మీ నలుగురికీ గ్రూపులో కాకుండా ఒక్కొక్కరికి విడిగా ఫోను చేయండి. 'ఎందుకు చేయలేదు' అని అడగకండి, 'ఏ చెరువు తీసుకుంటావు' అని అడగండి.

మీ పాఠంలో రెండో సగం: బయటి జనం

మీరు అడగలేదు కానీ, సామాజిక మాధ్యమాల పాఠం అంటున్నారు కాబట్టి చెబుతున్నాను. చెరువుల మీద పనిచేసిన ఒక బృందం తమ నివేదికలో ఒక చెరువును రాణీ రుద్రమదేవి స్వయంగా తవ్వించిందని రాసింది. చక్కటి కథ, తేదీ కూడా ఉంది. మౌఖిక పరీక్షకు వచ్చిన బయటి అధ్యాపకురాలు 'ఇది ఎక్కడిది?' అని అడిగారు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చివరికి ఒకడు చిన్నగా, వాట్సాప్‌లో వచ్చింది మేడమ్ అన్నాడు. కాకతీయుల కాలంలో చాలా చెరువులు తవ్వించారన్నది నిజమే. రామప్ప, పాకాల చెరువులు అందరికీ తెలిసినవే. కానీ కాకతీయులు చెరువులు తవ్వించారన్నది నిజమైనంత మాత్రాన ఈ చెరువు ఫలానా రాణి తవ్వించిందన్నది నిజం కాదు. దానికి శాసనమో, గెజిటీరో, కనీసం పేరూ వయసూ చెప్పి మాట్లాడిన ఊరి మనిషో ఉండాలి.

ఫార్వర్డు సందేశాల విషయంలో మన ప్రాంతానికి చేదు అనుభవం ఉంది. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు దేశమంతా పాకి, అమాయకుల మీద దాడులు జరిగి ప్రాణాలు పోయాయి. అప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల్లో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, పుకార్లు నమ్మవద్దని చెప్పించారు. ఫోనులో వచ్చిన అబద్ధాన్ని దండోరాతో ఎదుర్కొన్నారన్నమాట. అదే ఏడాది వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా పరిమితి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చోటికే పంపగలిగేలా చేసింది. అలాంటి సందేశం మీద రెండు బాణాల గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఉన్నదేదీ మీ నివేదికలోకి నేరుగా రానివ్వకండి.

ఫొటోల సంగతి కూడా. చెరువు గట్టు మీద బట్టలు ఉతుకుతున్న స్త్రీల ఫొటో తీసి ఒక విద్యార్థి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. 'పల్లె అందం' అని రాసి. వాడికి వచ్చిన లైకుల కంటే మరుసటి రోజు ఆ ఊరి నుంచి మాకు వచ్చిన మాటలు ఎక్కువ. మనుషుల ముఖాలు కనిపించే ఫొటోకు అడిగి ఒప్పించుకోండి. నివేదికలో వాడుకుంటాం అని ఒక మాట, ఫేస్‌బుక్‌లో పెడతాం అని ఇంకొక మాట. మొదటిదానికి సరేనన్నవాళ్లు రెండోదానికి వద్దనవచ్చు.

మీ పని బాగా వస్తే దాన్ని తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీకో చెరువు పేజీకో చేర్చవచ్చు. చాలామంది విద్యార్థులు అక్కడ మొదటి రోజే దెబ్బ తింటారు. మా బృందం ఒకటి పత్రికలో వచ్చిన వ్యాసాన్ని ఉన్నదున్నట్టు అతికించింది. నిర్వాహకులు గంటలో తీసేశారు. పిల్లలు మండిపడి, చర్చా పేజీలో 'మీరెవరు మాకు చెప్పడానికి' అని రాశారు. అవతలి వ్యక్తి కాపీహక్కుల సంగతి వివరించి, మీ మాటల్లో నాలుగు వాక్యాలు రాసి, ఆధారం జోడించండి, నేను సాయం చేస్తాను అని జవాబిచ్చారు. ముఖం తెలియని మనిషితో కోపం లేకుండా మాట్లాడటం ఎలాగో నేను తరగతిలో గంటసేపు చెప్పినా వాళ్లకు ఎక్కేది కాదు. ఆ ఒక్క జవాబుతో ఎక్కింది. వాళ్లు రాసిన నాలుగు వాక్యాలు ఇప్పటికీ ఆ పేజీలో ఉన్నాయి, కొంచెం మెరుగుపడి.

ఈ మధ్య ఏఐ యంత్రం చేత రాయించి తెచ్చే పేజీలు ఎక్కువయ్యాయి. అర్ధరాత్రి రెండింటికి ఎనిమిది వందల పదాలు ఒక్క దెబ్బలో వచ్చి పడినట్టు చరిత్రలో కనిపిస్తుంది. అందులో నీరటి పేరు ఉండదు, అలుగు ఎటు పారుతుందో ఉండదు. మీ కింది చెరువు మనిషి సరిచూస్తే అక్కడే దొరికిపోతుంది.

సార్‌కి ఎప్పుడు చెప్పాలి

పైవన్నీ చేశాక, చెరువు తీసుకుని, తేదీ ఒప్పుకుని, రెండుసార్లు గుర్తుచేసినా ఒకరి పేజీ ఎర్రగానే ఉంటే అప్పుడు చెప్పండి. ఆ మనిషికి ముందుగా చెప్పి మరీ వెళ్లండి. సార్ దగ్గర 'వాడు పనిచేయడు సార్' అనకండి. మాకు రోజూ వినిపించే మాట అది, రెండు వైపుల నుంచీ వినిపిస్తుంది. డాక్యుమెంటు తెరిచి 'మూడో చెరువు పేజీ 12వ తేదీకి అవ్వాలి సార్, ఇంకా ఖాళీగా ఉంది, మేము పూర్తి చేయాలా, వదిలేయాలా' అని అడగండి. నాలాంటివాడికి అలాంటి ప్రశ్న వస్తే రెండు నిమిషాల్లో తేల్చగలను.

నెల పోయిందని దిగులు పడకండి. ఆరు చెరువులకు మూడు ఆదివారాలు చాలు, మీరు చెరువుల దగ్గరికి నిజంగా వెళితే. శిఖం భూముల విషయంలో మాత్రం జాగ్రత్త. ఎవరు ఎంత ఆక్రమించారని పేర్లు రాయకండి, ఫేస్‌బుక్‌లో అసలే వద్దు. ఊళ్లో ఆ మాట ఎత్తితే కొందరి ముఖాలు మారతాయి. ఆ చెరువు ఎవరికి పడితే వాళ్లను ఒంటరిగా పంపకండి. ఇద్దరు కలిసి వెళ్లండి, వీలైతే పొద్దున్నే.